నీరు పోవాలి, నూనె మిగలాలి: తులసి, పుదీనా, నిమ్మగడ్డి ఆరబెట్టి దాచిన డైరీ

కోతకు ముందు

తులసి వెన్నులు వేయడం మొదలుపెట్టింది. పుదీనా కుండీ అంచు దాటి కిందికి పాకింది. నిమ్మగడ్డి దుబ్బు కట్టింది. మూడూ ఒకేసారి కోతకు వచ్చాయి కాబట్టి మూడింటినీ ఒకే గదిలో ఆరబెట్టి, ఏది ఎలా మారుతుందో పక్కపక్కన చూడాలని నిర్ణయించుకున్నాను. పెంపకం సంగతులు ఇక్కడ రాయను. ఇదంతా కోసిన తర్వాతి పని గురించే.

ఆకులోంచి నీటిని తీసేసి, నూనెను అందులోనే ఉంచాలి. అంతే పని. కష్టమెక్కడంటే, నీరూ నూనే రెండూ ఆవిరయ్యేవే. వేడి పెంచితే నీరు తొందరగా పోతుంది, దాని వెంటే వాసనా పోతుంది. వేడి తగ్గిస్తే వాసన నిలుస్తుంది గానీ ఆకు ఎక్కువ రోజులు పచ్చిగా ఉండిపోయి బూజు పడుతుంది. ఆరబెట్టడంలో ఎదురయ్యే చిక్కులన్నీ ఈ రెండింటి మధ్యే ఉంటాయి.

కోసేముందు పది రెట్లు పెద్దది చేసి చూపించే భూతద్దంతో పుదీనా ఆకు వెనుకవైపు చూశాను. ఈనెల మధ్య పసుపు రంగు కలిసిన మెరిసే చుక్కలు వరుసగా కనిపిస్తాయి. నూనె ఉండేది ఆ గ్రంథుల్లోనే. ఆకు పైనే, పల్చటి పొర కింద చిన్న తిత్తిలా నూనె నిలిచి ఉంటుంది. తులసికీ ఇదే అమరిక. వేలితో రుద్దితే ఆ పొర చిట్లుతుంది, వేలికి వాసన అంటుకుంటుంది. సీసాలో ఉండాల్సిన నూనె అదే. నిమ్మగడ్డిలో పైకి ఇలాంటివేమీ కనిపించవు. దాని నూనె ఆకు లోపలి కణాల్లో దాగి ఉంటుంది. అందుకే తులసిని, పుదీనాని ఎంత తక్కువ తాకితే అంత మంచిది. నిమ్మగడ్డిని తాకినా ఫరవాలేదు గానీ ముక్కలుగా తరగకూడదు. తరిగిన ప్రతిచోటా లోపలి కణాలు తెగి నూనె బయటపడుతుంది.

కోత రోజు

మంచు తడి ఆరిపోయి, ఎండ ఇంకా ముదరని సమయంలో కోశాను. తులసి, పుదీనా జాతి మొక్కల్లో పూత మొదలయ్యే దశలో ఆకులో నూనె బాగా ఉంటుంది. పూత ముదిరాక కోస్తే ఆకు పరిమాణం తగ్గుతుంది, కాడ గట్టిపడుతుంది.

ముందురోజు సాయంత్రం మొక్కల మీదే నీళ్లు చల్లి దుమ్ము కడిగేశాను. కోసిన తర్వాత కడిగితే ఆకుల మడతల్లో నీరు నిలుస్తుంది. ఆ తడి ఆరడానికే ఒక పూట పడుతుంది, ఆ పూటంతా ఆకు నలుపెక్కుతూ ఉంటుంది. నలుపెక్కడానికి కారణం ఆకులోని ఎంజైములు. నలిగిన చోట కణం పగిలి, ఆకులోనే ఉండే పాలిఫినాల్స్ అనే పదార్థాలతో ఎంజైమ్, గాలి కలిస్తే ఆ భాగం గోధుమ రంగుకి, తర్వాత నల్లగా మారుతుంది. తులసి ఈ విషయంలో మరీ సున్నితం. సంచిలో కుక్కి తెస్తే గదికి చేరేలోపే మచ్చలు పడతాయి. వెడల్పాటి జల్లెడ బుట్టలో పల్చగా పరిచి తెచ్చాను.

మచ్చలున్నవి, పురుగు కొట్టినవి, పండు ఆకులు అక్కడికక్కడే ఏరేశాను. ఈ ఏరివేతకి ఎంత సమయం పట్టినా పెట్టాలి. ఒక్క బూజు మచ్చ ఉన్న ఆకు లోపలికి పోతే దాన్ని సీసాలో వెతికి పట్టుకోవడం అసాధ్యం.

ఆ తర్వాత తూకం. ఏరిన పుదీనా ఆకు 250 గ్రాములు తేలింది. ఇందులో ఎంత నీరుందో తెలిస్తే, ఆరిన తర్వాత ఎంత బరువు మిగలాలో ముందే లెక్క కట్టుకోవచ్చు. అందుకోసం ఈ 250 కాక మరో 10 గ్రాముల ఆకుని విడిగా తీసి, బరువు ఇక తగ్గకుండా నిలిచిపోయేదాకా ఓవెన్‌లో పూర్తిగా ఎండబెట్టాను. ఆ ఆకు ఇక వాసనకి పనికిరాదు, లెక్కకి మాత్రమే. 1.7 గ్రాములు మిగిలింది. అంటే ఆకులో 83 శాతం నీరు, 17 శాతం మాత్రమే ఘనపదార్థం. 250 గ్రాముల్లో ఘనపదార్థం 42.5 గ్రాములు. చివరికి ఆకులో 10 శాతం తేమ ఉండాలి అనుకుంటే 42.5ని 0.9తో భాగించాలి. 47 గ్రాముల పైచిలుకు వస్తుంది. ఇదే నా గమ్యం. కట్టల బరువు అక్కడికి చేరిందంటే ఆకు ఆరినట్టు, అంతకు పైన ఉందంటే చేతికి ఎంత పెళుసుగా తగిలినా ఇంకా ఆరనట్టు.

చేతి స్పర్శని నమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల అనుభవాన్ని కాదనను. కానీ గాలిలో తేమని బట్టి స్పర్శ మారుతుంది. తూకం మారదు.

గది

కిటికీలకి నల్లగుడ్డ కట్టి గది చీకటి చేశాను. వెలుతురు పడితే ఆకు రంగు వెలుస్తుంది, నూనె ఆక్సీకరణ చెందుతుంది. నేరుగా ఎండలో పెడితే ఆకు ఉష్ణోగ్రత చుట్టూ ఉన్న గాలి కంటే ఎక్కువకి పోతుంది. ఎండలో ఆరిన పుదీనా పాలిపోయి, ఎండుగడ్డి వాసన వేయడానికి ఇదే కారణం.

కట్టలు చిన్నవిగా కట్టాను, ఒక్కోదానిలో ఐదారు రెమ్మలే. దారం బదులు రబ్బరు బ్యాండు వాడాను. ఆరేకొద్దీ కాడలు సన్నబడతాయి, దారం వదులై రెమ్మలు జారి పడతాయి. రబ్బరు బ్యాండు వాటితోపాటే బిగుసుకుంటుంది. కట్టకీ కట్టకీ మధ్య అరచేయి పట్టేంత ఖాళీ వదిలాను. ఫ్యాన్‌ని గోడవైపు తిప్పాను. గాలి కదలాలి గానీ ఆకు మీదికి సూటిగా కొట్టకూడదు. సూటిగా కొడితే పైపొర ముందే గట్టిపడి లోపలి తేమని బంధించేస్తుంది.

నిమ్మగడ్డి ఆకులు పొడవుగానే తెర మీద పరిచాను. వాటిని కట్టలు కట్టడం నాకు నచ్చదు. ఆకులు ఒకదానికొకటి అతుక్కుని మధ్యలో తడి మిగులుతుంది.

గాలిలో తేమ కొలిచే హైగ్రోమీటర్లని నమ్మేముందు సరిచూసుకోవాలి. దీనికి ఇంట్లో ఉప్పు చాలు. సీసా మూతలో ఉప్పు పోసి, పిండిముద్దలా అయ్యేంత మాత్రమే నీళ్లు కలిపి, హైగ్రోమీటర్‌తో పాటు గాలి చొరని డబ్బాలో రాత్రంతా ఉంచాను. తడి ఉప్పు పైన గాలి 75 శాతం తేమ దగ్గర స్థిరపడుతుంది. గది వేడి కొంచెం అటూ ఇటూ అయినా ఆ అంకె పెద్దగా మారదు, అందుకే ఇది మంచి కొలబద్ద. నా దగ్గరున్న మీటర్లలో ఒకటి 75 చూపించింది, ఇంకోటి 79, మూడోది 72. ఎంత తేడా ఉందో ప్రతి మీటరు వెనుక చీటీ అంటించాను. ఈ పని చేయకుండా, ఆరిన ఆకు నింపే సీసాల్లో తేమ 60, 65 శాతం అంటూ మాట్లాడుకోవడంలో అర్థం లేదు. 79 చూపించే మీటరు పెట్టిన సీసా నిజానికి బాగున్నా, దాన్ని తడిగా ఉందనుకుని మళ్లీ మళ్లీ ఆరబెట్టి వాసన పోగొట్టుకుంటాం.

వాన పట్టింది

మొదట్లో గదిలో తేమ 55 శాతం ఉండేది, కట్టలు చక్కగా వడలాయి. తర్వాత వాన పట్టుకుంది, గదిలో తేమ 80కి చేరింది. బరువు తగ్గడం ఆగిపోయింది. ఇది ఓపిక పడితే తీరే సమస్య కాదు. ఆకు తన చుట్టూ ఉన్న గాలితో సమానమయ్యేదాకానే ఆరుతుంది. 80 శాతం తేమ ఉన్న గాలిలో ఎన్నాళ్లు వేలాడదీసినా ఆ స్థాయికి మించి ఆరదు, ఈలోపు బూజు తన పని మొదలుపెడుతుంది.

ఇక్కడ కొద్దిపాటి వేడి చేసే మేలు లెక్క కట్టి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 30 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలిని, కొత్తగా నీరు కలపకుండా 40 డిగ్రీలకి వేడిచేస్తే తేమ 46 శాతానికి పడిపోతుంది. గాలిలో ఉన్న నీరు అంతే, కానీ వేడిగాలి పట్టుకోగల నీరు పెరుగుతుంది. పది డిగ్రీల తేడాతోనే వానగాలి ఆరబెట్టే గాలిగా మారిపోయింది.

కాబట్టి కట్టలన్నీ విప్పి డీహైడ్రేటర్ (తక్కువ వేడిగాలితో ఆరబెట్టే యంత్రం) ట్రేల మీద పల్చగా పరిచి 38 డిగ్రీల దగ్గర పెట్టాను. సువాసన ఆకులకి 40 దాటించను. నూనెలోని పదార్థాలు మరిగే ఉష్ణోగ్రతలు చాలా ఎక్కువే. తులసిలో లవంగం లాంటి వాసనకి కారణమైన యూజినాల్ 254 డిగ్రీల దగ్గర మరుగుతుంది, లిమోనీన్ 176 దగ్గర. ఆ అంకెలు చూసి 60, 70 డిగ్రీలు ఏమీ చేయవనుకోవడం తప్పు. నీరు 100 డిగ్రీల దగ్గర మరిగినా తడి బట్ట గది వేడికే ఆరిపోతుంది కదా. నూనె కూడా అంతే, మరగకుండానే ఆవిరవుతుంది, పైగా బయటికి పోయే నీటి ఆవిరి దాన్ని తనతో ఈడ్చుకుపోతుంది. గదంతా ఘుమఘుమలాడుతోందంటే ఆకులోంచి అంత నూనె గాలిలో కలిసినట్టే. డీహైడ్రేటర్ దగ్గర నిలబడి ఆ వాసన పీల్చి సంతోషపడటం నా వల్ల కాదు. వెంటనే ఒక డిగ్రీ తగ్గించాలనిపిస్తుంది.

ఆకు పెళపెళమంది, కాడ వంగింది

పుదీనా ఆకు వేళ్ల మధ్య పెళపెళమని విరిగింది. కాడ మాత్రం విరక్కుండా వంగింది. తూకం 53 గ్రాములు. గమ్యం 47. ఆరు గ్రాముల నీరు ఇంకా లోపలే ఉంది, అదీ ఎక్కువగా కాడల్లో, మధ్య ఈనెల్లో.

చాలామంది ఇక్కడే సీసాలో పోసి మూత పెట్టేస్తారు. రెండు మూడు రోజులకి పెళపెళలాడిన ఆకు మెత్తబడి తోలులా అవుతుంది. ఆకులోకి కొత్తగా నీరు వచ్చి చేరలేదు. కాడలో ఉన్న నీరు ఆకంతటా సర్దుకుంది, అంతే. ఆకు చెమర్చింది అంటారు దీన్నే. ఈ సర్దుబాటు ఎలాగూ జరిగేదే కాబట్టి, దాన్ని మన కళ్ల ముందు, కొలతల మధ్య జరిపించుకోవాలి. నా మటుకు నాకు ఈ ప్రాజెక్టు మొత్తంలో ముఖ్యమైన దశ ఇదే.

రెమ్మల నుంచి ఆకులు దూసి, కాడలు వేరుచేశాను. ఆకులు మాత్రం ఎక్కడా నలపలేదు, తుంచలేదు.

సీసాల్లో

ఆకుని గాజు సీసాల్లో ముప్పావు వంతు వరకు వదులుగా నింపి, సరిచూసిన హైగ్రోమీటర్‌ని లోపల పెట్టి మూత బిగించాను. ఒక రోజు కదపలేదు. సీసాలోని గాలికీ ఆకుకీ మధ్య తేమ సమానమవడానికి ఆ మాత్రం సమయం కావాలి.

ఈ అంకెకి ఎందుకింత విలువ ఇస్తున్నానో చెప్పాలి. ఆకులో ఎంత నీరుంది అన్నదానికంటే, ఆ నీటిలో ఎంత భాగం సూక్ష్మజీవులకి అందుబాటులో ఉంది అన్నదే బూజుని నిర్ణయిస్తుంది. దీన్ని నీటి క్రియాశీలత అంటారు. 1950లలో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త విలియం జేమ్స్ స్కాట్ చేసిన పరిశోధనలతో ఈ దృష్టి బలపడింది. మూసిన సీసాలోని గాలి తేమని వందతో భాగిస్తే వచ్చేది అదే. 60 శాతం అంటే 0.60. అంతకు దిగువన ఏ సూక్ష్మజీవీ పెరగదు. 0.65 దగ్గర పొడిదనాన్ని బాగా తట్టుకునే కొన్ని బూజులు మెల్లగా పెరగగలవు. 0.70 దాటితే బూజులకి దారి తెరిచినట్టే. వాటిలో ఆస్పర్జిల్లస్ జాతివి కొన్ని విషాలు కూడా తయారు చేస్తాయి, కాబట్టి బూజు పట్టిన సీసాని పైపైన ఏరి వాడుకునే ప్రశ్నే లేదు, మొత్తం పారేయాల్సిందే.

మర్నాటి కొలతలు: తులసి 61, పుదీనా 68, నిమ్మగడ్డి 57.

పుదీనాని వెంటనే బయటికి తీసి ట్రేలో పరిచి 35 డిగ్రీల దగ్గర కాసేపు ఆరనిచ్చాను. 65 దాటిన సీసాకి మూత తీసి గాలి పోనివ్వడం సరిపోదు. సీసాలోని గాలిలో ఉండే నీరు అత్యల్పం, అసలు నీరంతా ఆకులోనే ఉంటుంది. ఒకసారి మూత తీస్తే పోయేది ఆ కాస్త గాలి తేమే. తులసి సీసా 61 కాబట్టి దానికి మూత తీయడం చాలు. రోజుకోసారి కాసేపు తెరిచి, సీసాని మెల్లగా పక్కకి దొర్లించి, మళ్లీ మూత పెడుతూ వచ్చాను. అది కూడా గదిలో తేమ 50 కంటే తక్కువ ఉన్న వేళల్లోనే. బయట 80 ఉన్నప్పుడు మూత తీస్తే తడిని లోపలికి పిలిచినట్టు.

మూత తీసిన ప్రతిసారీ ముందు ముక్కు, తర్వాత మీటరు. పచ్చిగడ్డి వాసన వస్తే ఇంకా తేమ ఉన్నట్టు. ముక్కిన వాసన రవ్వంత తగిలినా ఆ సీసా మొత్తం పరిచి చూడాలి.

ఒక విషయం స్పష్టంగా ఉంచుకోవాలి. వెనిల్లా కాయల్లో, పొగాకులో మాగబెట్టడం వల్ల లోపల కొత్త పదార్థాలు పుడతాయి. కోసినప్పుడు వాసనే లేని వెనిల్లా కాయలో ఎంజైములు పనిచేసి వెనిలిన్ విడుదలవుతుంది. తులసి, పుదీనాల్లో అలా కొత్త పరిమళం పుట్టదు. సీసాలో ఎన్ని వారాలు ఉంచినా కోసినప్పుడు ఉన్నదానికంటే వాసన పెరగదు. పచ్చివాసన తగ్గి, అసలు వాసన తేటపడుతుంది, తేమ సమంగా సర్దుకుంటుంది. అందుకని అంకె స్థిరపడ్డాక కూడా రోజూ మూత తీస్తూ ఉంటే మిగిలేది నష్టమే.

పుదీనా రెండోసారి సీసాలో పెట్టాక 58, తర్వాత 56, 55. వరుసగా కొన్ని రోజులు 55 దగ్గరే నిలిచింది. తీసి తూచాను. దూసిన కాడలతో కలిపి చూస్తే 47 గ్రాముల దగ్గరే ఉంది. లెక్క కట్టిన బరువూ, సీసాలో తేమా రెండూ ఒకే మాట చెప్పినప్పుడు కలిగిన సంతృప్తి అంతా ఇంతా కాదు. తులసి 54 దగ్గర స్థిరపడింది.

నిల్వ

స్థిరపడ్డాక మూడింటినీ చిన్న సీసాల్లోకి మార్చాను, ఈసారి అంచు దాకా నింపాను. ఖాళీ ఎంత ఎక్కువ ఉంటే అంత గాలి, అంత ఆక్సిజన్. పెద్ద సీసాని వాడకానికి పదే పదే తెరవడం కంటే చిన్న సీసాలు పది పెట్టుకోవడం మేలు, తెరిచినది ఒక్కటే దెబ్బతింటుంది.

పాలిథిన్ సంచులు వద్దు. లిమోనీన్ లాంటి నూనె పదార్థాలని ఆ ప్లాస్టిక్ పీల్చుకుంటుంది. ఖాళీ చేసిన సంచికి పుదీనా వాసన వదలకపోవడం అందుకే. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం సీసాలో వేయలేదు. తేమ 50లలో స్థిరపడిన ఆకుకి దాని అవసరం లేదు, అది ఆకుని మరీ పెళుసు చేసి గ్రంథులు రాలిపోయేలా చేస్తుంది. ఎవరైనా వాడాలనుకుంటే నీలం రంగుది మాత్రం వద్దు, ఆ రంగు కోబాల్ట్ క్లోరైడ్ అనే విషపదార్థం వల్ల వస్తుంది.

పురుగుల సంగతి వేరు. సిగరెట్ బీటిల్ అనే రెండు మూడు మిల్లీమీటర్ల గోధుమరంగు పురుగు ఎండిన ఆకులన్నింటినీ తింటుంది, దానికి 55 శాతం తేమ అడ్డు కాదు. గుడ్లు కోతతో పాటే వచ్చి ఉండవచ్చు. అందుకని ప్రతి సీసానీ మూత బిగించి ఒక వారం ఫ్రీజర్‌లో, మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంచాను. బయటికి తీశాక సీసా గది వేడికి వచ్చేదాకా మూత ముట్టుకోకూడదు. చల్లటి ఆకు మీద గాలిలోని తేమ నీటిబొట్లుగా చేరిందంటే ఇన్నాళ్ల పనీ వృథా.

ప్రతి సీసా మీద మొక్క పేరు, కోత తేదీ, మూత వేసిననాటి తేమ రాసి, చీకటిగా చల్లగా ఉండే అలమరలో పెట్టాను. పొయ్యి పక్కన, ఫ్రిజ్ పైన పెట్టకూడదు. ఆ రెండూ ఇంట్లో వేడిగా ఉండే చోట్లు.

కొన్ని నెలల తర్వాత

పోల్చడానికని పుదీనాని మూడు రకాలుగా దాచాను: అలమరలో పూర్తి ఆకు, అలమరలోనే పొడి, కిటికీ దగ్గర వెలుతురులో పూర్తి ఆకు. మూడింటిలోనూ తేమ ఒకటే.

కిటికీ సీసాలో ఆకు గడ్డి రంగుకి వెలిసిపోయింది. అలమరలోది ముదురాకుపచ్చగానే ఉంది. వాసనలో తేడా రంగులో కంటే ఎక్కువ. వెలుతురులో ఉన్నదాన్ని నలిపితే ముందు గడ్డి, ఆ వెనుక ఎక్కడో పుదీనా. పొడి సీసా మూత తీయగానే గుప్పుమంటుంది, కానీ వేడినీళ్లలో వేస్తే చప్పగా ఉంది. పొడి చేసినప్పుడే గ్రంథులన్నీ పగిలాయి, నూనె ఆకులో మిగలకుండా సీసాలోని ఖాళీలో చేరింది, మూత తీసిన ప్రతిసారీ బయటికి పోయింది. పూర్తి ఆకు సీసా తెరిచినప్పుడు పెద్దగా వాసన రాదు. వేళ్ల మధ్య నలిపినప్పుడు వస్తుంది, కోసిన రోజున వచ్చినట్టే. ఇకపై పొడి అవసరమైనప్పుడు, అవసరమైనంతే.

నిమ్మగడ్డి మూడింటిలో బాగా నిలిచింది. నూనె ఆకు లోపల ఉండటం దానికి కలిసొచ్చింది. తులసి ఘాటు కొంత తగ్గింది, లవంగం లాంటి ఆ వాసన మాత్రం అలాగే ఉంది.

వచ్చే కోతలో పుదీనా ఆకులని మొదటి రోజు వడలగానే కాడ నుంచి దూసి విడిగా ఆరబెట్టబోతున్నాను. కాడలో నీరు తర్వాత ఆకులోకి సర్దుకునే పని అప్పుడు సగానికి తగ్గాలి. వడలిన ఆకు పచ్చిదానికంటే తక్కువ నలుగుతుందో లేదో కూడా అదే కోతలో భూతద్దంతో చూస్తాను. సీసాలో మొదటి కొలత 60కి దిగువన వస్తే ఇక్కడ రాస్తాను, రాకపోయినా రాస్తాను.